ఏనుగెక్కి బొమ్మ దిగాలి

దూరదేశాలకు ఎందుకు పోతామన్న ప్రశ్నకు సూరత్ నాలుగు వందల ఏళ్ళ కిందటే ఒక జవాబు చూసింది. సముద్రం ఒడ్డున ఆ జవాబుకు సమాధి కూడా ఉంది.

2024 డిసెంబరులో సూరత్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా తొలి విమానం బయల్దేరింది. దాని వెనకే ఒక వార్త దేశమంతా చుట్టేసింది. విమానం దాదాపు నిండిపోయిందనీ, నాలుగు గంటల ప్రయాణం ముగిసేలోపే లోపలున్న మద్యం సీసాలన్నీ ఖాళీ అయిపోయాయనీ ఆ వార్త సారాంశం. అంత జరగలేదని, కావలసినంత స్టాకు ఉందని విమాన సంస్థ వర్గాలు చెప్పుకొచ్చాయి. ఎవరూ వినిపించుకోలేదు. మద్యనిషేధం అమల్లో ఉన్న రాష్ట్రం, చేతినిండా డబ్బున్న ఊరు, మబ్బుల్లో తెరుచుకున్న బారు. ఒక వారం పాటు నవ్వుకోవడానికి జనానికి అంతకన్నా ఏం కావాలి?

నవ్వు చల్లారాక ఒక ప్రశ్న మిగులుతుంది. తాగడమే పనైతే సూరత్ వాసికి బ్యాంకాక్ దాకా అక్కర్లేదు. రెండు మూడు గంటలు కారు నడిపితే దమన్ వస్తుంది, అక్కడ నిషేధం లేదు. సముద్రం చూడాలంటే డూమస్ ఉంది, సువాలి ఉంది. తిండికైతే గడప దాటే పనే లేదు. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని గుజరాతీలే సామెత చెప్పుకుంటారు. ఇన్ని చేతికి అందుతుండగా, భాష రాని, తిండి సరిపడని, దారి తెలియని చోటికి పిల్లాపాపలతో సహా జనం ఎగబడి వెళ్ళడం దేనికి?

ఇది ఒక్క సూరత్ సంగతి కాదు. వీసా లేకుండానే రమ్మని థాయిలాండ్ 2023 నవంబరులో తలుపులు తెరిచాక, 2024లో అక్కడికి వెళ్ళిన భారతీయుల సంఖ్య 20 లక్షలు దాటింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల ట్రావెల్ ఏజెన్సీల అద్దాల మీద బ్యాంకాక్, బాలి, బాకూ పేర్లు ఇప్పుడు తిరుపతి, షిర్డీల పక్కన సమానంగా వేలాడుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద 1950లో దేశం దాటిన పర్యాటకులు రెండున్నర కోట్లు. 2024లో దాదాపు 140 కోట్లు. మనిషి చరిత్రలో ఇంతమంది, ఇంత దూరం, ఏ అవసరమూ తరమకుండా తిరిగిన కాలం మరొకటి లేదు.

'దూరపు కొండలు నునుపు' అని మన పెద్దలు అన్నది హెచ్చరికగా. నమ్మి వెళ్ళొద్దు, దగ్గరికి పోతే రాళ్ళూ ముళ్ళే అని దాని అర్థం. టూరిజం పరిశ్రమ అదే సామెతను తిరగేసి వ్యాపారం చేసుకుంటోంది. అయితే కొండ నునుపుగా కనబడినంత మాత్రాన అందరూ లేచి నడవరు. నడిచేవాణ్ణి నడిపించేదేమిటో తెలుసుకోవాలంటే సూరత్‌లోనే పాత కథ ఒకటి ఉంది. అందులోనూ టూరిస్టు ఉన్నాడు, అందులోనూ మద్యం ఉంది. ముగింపు మాత్రం నవ్వులాట కాదు.

ఆయన పేరు థామస్ కోర్యాట్. 1577 ప్రాంతంలో పుట్టాడు. ఇంగ్లండులోని సోమర్సెట్‌లో ఓడ్‌కోంబ్ అనే పల్లెటూరి చర్చి ఫాదరీ కొడుకు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరి పట్టా పుచ్చుకోకుండానే బయటపడ్డాడు. యువరాజు హెన్రీ కొలువులో హోదా లేని విదూషకుడిలా కాలక్షేపం చేశాడు. నలుగురూ నవ్వుతుంటే తానూ నవ్వుతూ అన్నం సంపాదించుకోవడం ఆయన ఉద్యోగం. 1608లో ఉన్నట్టుండి వెనిస్ వెళ్ళొస్తానని బయల్దేరాడు. అయిదు నెలల్లో, తన లెక్క ప్రకారం దాదాపు రెండు వేల మైళ్ళు తిరిగాడు, అందులో చాలా భాగం కాలినడకే. తిరిగొచ్చి చేసిన మొదటి పని, అరిగిపోయిన ఆ బూట్లను సొంతూరి చర్చిలో వేలాడదీయించడం. రెండో పని పుస్తకం రాయడం. 1611లో అచ్చయిన ఆ లావుపాటి పుస్తకానికి బెన్ జాన్సన్, జాన్ డన్ వంటి కవులు ముందుమాటలుగా పద్యాలు రాసిచ్చారు. అవన్నీ వెక్కిరింతలే. ఆయన వాటిని కూడా సంతోషంగా అచ్చు వేసుకున్నాడు. ఇటలీవాళ్ళు ఫోర్కుతో తింటారన్న సంగతిని ఇంగ్లిషువాళ్ళకు చెప్పి, తానూ అలాగే తిని, దానికీ ఎగతాళి పడ్డాడు.

ఆ మరుసటి ఏడాది, అంటే 1612లో, మళ్ళీ బయల్దేరాడు. ఈసారి ఇస్తాంబుల్, జెరూసలేం, అలెప్పో. 1614లో అలెప్పో నుంచి బిడారు వర్తకులతో కలిసి పారశీకం మీదుగా నడక. లాహోర్, ఆగ్రా దాటి 1615 జులైలో అజ్మీరు చేరాడు. జహంగీర్ చక్రవర్తి కొలువు అప్పుడు అక్కడే ఉంది. అలెప్పో నుంచి మొగలు కొలువు దాకా పది నెలల ప్రయాణానికి తనకైన ఖర్చు మూడు పౌండ్లని, అందులోనూ కొంత మోసగాళ్ళ పాలైందని ఇంటికి రాసిన ఉత్తరంలో గొప్పగా చెప్పుకున్నాడు. ఇంత తక్కువలో ఇంత దూరం వచ్చానని చెప్పుకునే టూరిస్టును మనమూ ప్రతి విమానంలోనూ చూస్తాం. ఆ జాతికి మూలపురుషుడు ఈయనే కావచ్చు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ కాలంలో సూరత్ రేవు గుండా వెళ్ళినవారిలో, వచ్చినవారిలో దాదాపు ప్రతివారికీ ఒక పని ఉంది. సూరత్‌కు మక్కా ద్వారమని పేరు. బాబరు కూతురు గుల్బదన్ బేగం అంతఃపుర స్త్రీలను వెంటబెట్టుకుని 1576లో ఇక్కడే ఓడ ఎక్కి హజ్ యాత్రకు వెళ్ళింది. ఆమెది పుణ్యం. 1613లో ఇక్కడ గిడ్డంగి తెరిచిన ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళది లాభం. తర్వాతి కాలంలో ఇదే సూరత్ నుంచి గోల్కొండ దాకా వచ్చి, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులను చూసి వెళ్ళిన టావెర్నియే వజ్రాల వర్తకుడు. పుణ్యానికో, లాభానికో, రాజు పంపితేనో సముద్రం దాటిన మనుషుల మధ్య కోర్యాట్ ఒక్కడే వింతగా కనిపిస్తాడు. ఆయన సరుకు తేలేదు. సరుకు కొనలేదు. మొక్కు లేదు. రాయబారమూ లేదు. ఊరికే వచ్చాడు.

మరి ఎందుకు వచ్చినట్టు? అదృష్టవశాత్తూ ఆ ప్రశ్నకు ఆయనే జవాబిచ్చాడు, అదీ స్వయంగా జహంగీర్‌కు. ఏడాదిలో నేర్చుకున్న పారశీకంలో, జరోకా కింద నిలబడి, చక్రవర్తి ముందు ఉపన్యాసం ఇచ్చాడు. తన రాకకు నాలుగు కారణాలు చెప్పాడు. ఒకటి, చక్రవర్తి ముఖదర్శనం. రెండు, ఏనుగులు. మూడు, గంగానది. నాలుగు, సమర్‌ఖండ్‌లో తైమూరు సమాధి చూడాలి కాబట్టి దానికో అనుమతి పత్రం. మొదటి కారణం మర్యాద కోసం చెప్పిందనుకున్నా మిగతా మూడూ నేటి టూర్ బ్రోషర్‌లో అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఒక జంతువు, ఒక నది, ఒక కట్టడం. జహంగీర్ తైమూరు వంశీకుడే అయినా సమర్‌ఖండ్ ఏలుతున్నవారితో తనకు స్నేహం లేదని, ఆ వైపు పోతే ప్రాణం దక్కదని చెప్పి, కిటికీలోంచి వంద రూపాయలు కిందకు జారవిడిచాడు. చేతిలో పైసా లేని కోర్యాట్ అవి ఏరుకున్నాడు. అప్పుడు అక్కడే ఉన్న ఇంగ్లండు రాజు రాయబారి సర్ థామస్ రోకు తల కొట్టేసినట్టయింది. దేశం పరువు తీశావని చివాట్లు పెట్టాడు. కోర్యాట్ కూడా గట్టిగానే బదులిచ్చాడట.

నాలుగు కారణాలూ నిజమే కావచ్చు. అసలు కారణం మాత్రం ఉపన్యాసంలో లేదు. అది ఆయన ఉత్తరాల్లో ఉంది. అజ్మీరులో ఏనుగెక్కిన రోజున ఇంటికి రాస్తూ, తాను రాయబోయే పుస్తకంలో ఏనుగు మీద కూర్చున్న తన బొమ్మ వేయించి తీరతానని రాశాడు. ఏనుగెక్కడం ఒక ఎత్తు. ఎక్కినట్టు ఓడ్‌కోంబ్‌లో, లండన్‌లో తెలియడం ఇంకో ఎత్తు. ఆ ఉత్తరాలు 1616లో లండన్‌లో చిన్న పుస్తకంగా వచ్చాయి. ప్రచురించినవాళ్ళు ఆయన కోరిక తీర్చారు. ఏనుగు మీద కోర్యాట్ బొమ్మ చెక్కించి అందులో వేశారు. సెల్ఫీకి నాలుగు వందల ఏళ్ళ ముందు మాట ఇది.

మనిషి ఊరు విడిచి ఎందుకు పోతాడన్న దానిపై ఆధునిక పరిశోధకులు రాసింది తక్కువేమీ కాదు. అమెరికాలో టెక్సస్‌లో పనిచేసిన జాన్ క్రాంప్టన్ 1979లో ఒక పత్రం ప్రచురించాడు. విహారయాత్రల వెనక తొమ్మిది కారణాలు ఉన్నాయని అందులో లెక్కతేల్చాడు. రోజువారీ బతుకు నుంచి తప్పించుకోవడం, తానేమిటో తేల్చుకోవడం, విశ్రాంతి, గొప్ప, ఇంటి దగ్గర చేయలేని చిలిపి పనులు చేయడం, కుటుంబంతో దగ్గరవడం, కొత్త పరిచయాలు. ఈ ఏడింటి తర్వాత కొత్తదనం, విజ్ఞానం. మొదటి ఏడు కారణాలకూ మనం వెళ్ళే ఊరితో పెద్ద సంబంధం లేదన్నది ఆ పత్రంలోని అసలు మాట. అవి మనిషి లోపల పుట్టే కారణాలు. బ్యాంకాక్ కాకపోతే బాలి, బాలి కాకపోతే దుబాయ్. ఊరు గురించి పట్టింపు ఉన్నవి చివరి రెండే.

ఈ జాబితాను ఒకసారి సూరత్ విమానానికి పట్టించి చూడండి. వజ్రాల సాన దగ్గర, మగ్గాల మోత మధ్య, చీరల మార్కెట్ గద్దీల మీద ఏడాదంతా ఒంచిన నడుము ఎత్తని ఊరు అది. దీపావళికి వజ్రాల కార్ఖానాలు మూతపడే రెండు మూడు వారాలే అక్కడ నిజమైన సెలవు. తప్పించుకోవడం, విశ్రాంతి, ఇంటి దగ్గర కుదరని చిలిపి, కుటుంబం, గొప్ప, అన్నీ ఒక్క టికెట్టులో దొరుకుతుంటే ఎవరు కాదంటారు? సీసా అక్కడ ముఖ్యం కాదు. చుట్టాలూ షావుకార్లూ చూడని ఆకాశంలో సీసా తెరవడం ముఖ్యం. అక్కడ ఏం జరిగిందో ఫోన్లలో తీసి అందరికీ చూపించడం ఇంకా ముఖ్యం. ఆ వార్త బయటకు వచ్చిందే ప్రయాణికులు తీసిన వీడియోలతో. ఊరికి కనబడకుండా ఎగిరిన విమానంలోంచి ఊరికే కబురు పంపారన్నమాట.

తిరిగొచ్చి చెప్పుకోవడానికే దూరం పోతామంటే చాలామందికి నచ్చదు. అదేదో చిన్నతనమనిపిస్తుంది. మనమైతే జ్ఞానం కోసం, అనుభవం కోసం వెళ్తామని, స్టేటస్ కోసం వెళ్ళేది పక్కింటివాళ్ళని అనుకుంటాం. కానీ మన సంప్రదాయమే ఈ మాటను ఎన్నడూ దాచలేదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న రోజుల్లో కూడా, పోయినవాడు తిరిగొస్తే గంగ చెంబుకు పూజ చేసి, ఊరివాళ్ళకు కాశీ సమారాధన పెట్టి, కాశీ దారాలు పంచితే గానీ యాత్ర పూర్తయినట్టు కాదు. విశ్వనాథుణ్ణి చూడటంతో పుణ్యం దక్కింది సరే. ఊరు కూర్చుని భోంచేస్తూ ఆ కథ వింటేనే యాత్ర దక్కేది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, దారిపొడుగునా చూసినదంతా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపాడు. 1838లో ఆ స్నేహితుడు దాన్ని పుస్తకం చేశాడు. వినే స్నేహితుడు ఒకడు చెన్నపట్నంలో కూర్చుని ఉండకపోతే మన తొలి యాత్రాచరిత్ర ఉండేది కాదు. ఊళ్ళూ, బాటలూ, ధరలూ, మజిలీలూ, ఆచారాలూ అందులో అంత వివరంగా దొరికేవి కావు.

కాబట్టి చెప్పుకోవాలన్న యావ తప్పు కాదు. అది ప్రయాణానికి పెట్టుబడి. ఆ పెట్టుబడితో ఏం కొనుక్కొస్తామన్నదే తేడా. ఇక్కడ కోర్యాట్ మనకు రెండు విధాలా పనికొస్తాడు.

ఆయన యావ అచ్చంగా కీర్తి యావే. ఆయనతో ఒకే గుడారంలో గడిపిన రాయబారి కొలువు ఫాదరీ ఎడ్వర్డ్ టెర్రీ తర్వాత తన పుస్తకంలో ఆ సంగతి దాచుకోకుండా రాశాడు. పొగిడితే పొంగిపోయేవాడట. కానీ ఆ యావ కోసమే ఆయన నడవవలసి వచ్చింది. నడవాలంటే అడగాలి. అడగాలంటే భాష రావాలి. అలా తుర్కీ, అరబ్బీ, పారశీకం పట్టాడు. హిందుస్తానీ ఎంత పట్టాడో చెప్పడానికి టెర్రీ ఒక ముచ్చట రాశాడు. రాయబారి బసలో బట్టలుతికే ఆమె ఒకతె ఉండేది. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా తిట్ల దండకం ఆపేది కాదు. ఒకరోజు కోర్యాట్ ఆమె భాషలోనే ఆమెకు ఎదురు నిలిచాడు. ఉదయం ఎనిమిదయ్యేసరికి ఆమె నోట మాట లేదు! చక్రవర్తి ముందు పారశీకంలో ఉపన్యసించడం కన్నా ఇది గొప్ప పరీక్ష. ఒక భాషలో తిట్టి గెలిచినవాడికి ఆ నేల కొంతైనా తెలిసినట్టే. అలాగని ఆయన్ని ఆదర్శపురుషుణ్ణి చేయనక్కర్లేదు. పరాయి మతం మీద నోరు పారేసుకుని, మొగలు నేల కాబట్టి బతికి బయటపడ్డ సందర్భాలూ ఉన్నాయి. యావతో వచ్చాడు, పొగరుతో తిరిగాడు. అయినా కాళ్ళు నేల మీద ఉండటంతో నేల ఆయనకు కొంత నేర్పింది.

ఇప్పటి ప్రయాణానికి వచ్చిన చిక్కు ఈ మధ్య భాగంతోనే. బయల్దేరడం ఉంది, తిరిగొచ్చి చెప్పుకోవడం ఉంది, నడుమ నడక లేదు. గుజరాతీ టూర్ కంపెనీల్లో చాలావాటికి వంట మహరాజ్ వెంట ఉండటమే పెద్ద ఆకర్షణ. స్విట్జర్లండ్ మంచుకొండ కింద థేప్లా, ఖాఖ్రా, సాయంత్రం కిచిడీ. మనమూ తక్కువ తినలేదు. ఆవకాయ సీసా, కందిపొడి పొట్లం, రైస్ కుక్కర్ లేకుండా తెలుగు కుటుంబం ఏ సముద్రమూ దాటదు. అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు. బస్సు దిగు, ఫోటో దిగు, బస్సెక్కు. కోర్యాట్ ఏనుగు కోసం మూడేళ్ళు నడిచాడు. మనకు పట్టాయాలో ఏనుగు అరగంటలో వస్తుంది. బొమ్మ రెండింటిలోనూ ఒకటే.

దీన్ని చూసి వెటకారం చేయడం తేలిక. ఈ కాలమ్ ఆ పని చేయదల్చుకోలేదు. వంటవాడు వెంట వస్తాడన్న ఒక్క మాట లేకపోతే పాస్‌పోర్టే తీసుకోని ఇంటి ఇల్లాళ్ళు ఈ దేశంలో లక్షల మంది. ముప్పై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి వారం రోజులు వేరొకరు వండింది తిని, ఎదురుగా సముద్రం చూస్తూ కూర్చుందంటే ఆమె చాలా దూరమే వెళ్ళినట్టు. ఆ దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం. క్రాంప్టన్ జాబితాలో మొదటి కారణం ఆమెదే. ఏ పండితుడూ ఆమె ఫోటోలు చూసి నవ్వకూడదు. అభ్యంతరం ఒక్కటే. ప్యాకేజీ అమ్మేవాడు ఆమెకు దూరాన్ని అమ్ముతున్నాడు గానీ కొత్తదనాన్ని అమ్మడం లేదు. హోటలు, మాల్, కిచిడీ, గైడు హిందీ, అన్నీ ఇంటి దగ్గరవే. మారింది వెనక కనబడే బొమ్మ. ఒక్క పూట గుంపు విడిచి వీధి మలుపు దాకా వెళ్ళి, వేళ్ళతో సైగ చేసి జామకాయ బేరమాడి వస్తే, ఆ కథే తర్వాత పదేళ్ళు చెప్పుకుంటుంది. ఆ ఒక్క పూట ప్యాకేజీలో ఉండదు.

ఇక పెరటి చెట్టు సంగతి. బ్యాంకాక్ వెళ్ళే సూరత్ కారు ఇంటి నుంచి విమానాశ్రయానికి పోయే తొందరలో కతార్‌గామ్ దర్వాజా వైపు చూడదు. అక్కడే ఇంగ్లిషువాళ్ళ, డచ్చివాళ్ళ పాత శ్మశానాలు ఉన్నాయి. 1669లో ఇక్కడే చనిపోయిన కంపెనీ గవర్నరు జార్జ్ ఆక్సెండెన్ సమాధి, అంతకు పదేళ్ళ ముందు పోయిన ఆయన అన్నదమ్ముడు క్రిస్టఫర్ సమాధితో కలిసి రెండంతస్తుల గుమ్మటమై లేచింది. కేరళ మొక్కల మీద పన్నెండు సంపుటాల 'హోర్టస్ మలబారికస్' తయారుచేయించిన డచ్చి అధికారి వాన్ రీడ్ 1691లో సూరత్ దారిలో ఓడ మీద పోతే ఇక్కడికే తెచ్చి పూడ్చారు. విచిత్రమేమిటంటే ఈ తెల్లవాళ్ళు తమ దేశపు సమాధులు కట్టుకోలేదు. ఇక్కడి నవాబుల సమాధుల్ని చూసి వాటికి పోటీగా గుమ్మటాలు లేపారు. వాళ్ళు లాభానికి వచ్చినా, చచ్చాక గొప్ప చూపించాలనుకున్నది ఇక్కడివాళ్ళకే. ఇంత కథ ఊరి నడుమ ఉంది. దూరం నుంచి వచ్చినవాళ్ళు వెతుక్కుని చూసిపోతారు. దగ్గరివాళ్ళకు అది బస్టాపు పక్కన పాత గోడ. హైదరాబాదులో ఉండి కుతుబ్‌షాహీ సమాధులు చూడనివాళ్ళు సూరత్ వాళ్ళను ఏమీ అనలేరు.

అదే ఊళ్ళో ఇంకో రకం దూరప్రయాణికులూ ఉన్నారు. లింబాయత్, ఉధనా వాడల్లో తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరతరాలుగా మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు వాళ్ళు. వాళ్ళ పిల్లల కోసం సూరత్ మున్సిపాలిటీ తెలుగు బడులు కూడా నడిపింది. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, బల్లార్షా, భుసావళ్ మీదుగా దాదాపు వెయ్యి కిలోమీటర్లు వచ్చి ఈ ఊరిని చీర కట్టుకునే ఊరిని చేసినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు భాష రావలసి వచ్చింది, తిండి మార్చుకోవలసి వచ్చింది, వీధిలో పోట్లాడి గెలవవలసి వచ్చింది. కోర్యాట్ కొత్త నేలను ఎలా నేర్చుకున్నాడో వాళ్ళూ అలాగే నేర్చుకున్నారు. కానీ ఆ ప్రయాణాన్ని ఎవరూ యాత్ర అనరు. దానికి ఆల్బమ్ లేదు. తిరిగి వెళ్ళే టికెట్టు చేతిలో ఉన్నవాడే టూరిస్టు. అది లేనివాడిది వలస. దూరం ఇద్దరికీ ఒకటే. చెప్పుకునే హక్కు మాత్రం ఒక్కడికే వచ్చింది.

గుల్బదన్ బేగం విషయంలోనూ అంతే. అరేబియాలో ఏళ్ళ తరబడి ఉండి, తిరుగు దారిలో ఓడ దెబ్బతిని ఏడెన్‌లో చిక్కుకుపోయి, 1582లో ఇల్లు చేరిన ఆ యాత్ర సామాన్యమైనది కాదు. ఆమె చేయి తిరిగిన రచయిత్రి. హుమాయూన్ నామా రాసింది. మనకు దొరికిన ఆ ఒక్క రాతప్రతి హజ్ యాత్ర దాకా రాకుండానే అర్ధంతరంగా ఆగిపోయింది. అంత ప్రయాణం గురించి ఆమె నోట మనం విన్నది ఏమీ లేదు.

కోర్యాట్ భయపడింది సరిగ్గా దీనికే. 1617లో మాండూలో ఒకరోజు ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడి ఉండగానే స్పృహ తప్పి పడిపోయాడు. తేరుకున్నాక టెర్రీతో చెప్పుకున్న బాధ చావు గురించి కాదు. ఇంత తిరిగాను, ఇది ఇంటికి చేరకముందే దారిలో పోతే నా యాత్రలన్నీ నాతోనే పోతాయి కదా అని. అప్పటికే మరో దెబ్బ తగిలి ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక వర్తకుడు, మీ సంగతి రాజుగారి దగ్గర ఎత్తానని చెప్పాడు. రాజు ఏమన్నాడని ఆశగా అడిగితే, ఆ పిచ్చివాడు ఇంకా బతికే ఉన్నాడా అన్నాడట. అయిదేళ్ళ నడక ఎవరి మెప్పు కోసమో ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది.

అయినా ఇంటి దారి పట్టాడు. అనారోగ్యంతోనే సూరత్ చేరాడు. కడుపు అప్పటికే చెడిపోయి ఉంది. సూరత్‌లోని ఇంగ్లిషు వర్తకులు మర్యాద చేశారు. ఇంగ్లండు నుంచి కొంచెం సాక్ వచ్చిందని వాళ్ళలో ఎవరో అనడం వినబడింది. సాక్ అంటే స్పెయిన్ ద్రాక్షసారా, ఇంగ్లండు వాళ్ళకు ఇంటి రుచి. అయిదేళ్ళుగా ఆ వాసన ఎరగనివాడు ఎగిరి గంతేసి అడిగి పోయించుకున్నాడు. మితంగానే తాగాడని టెర్రీ రాశాడు. కానీ విరేచనాలతో ఉన్న మనిషికి ఆ కొంచెమే చాలు. 1617 డిసెంబరులో సూరత్‌లోనే కన్నుమూశాడు. వింత దేశాలన్నీ తట్టుకున్న ఒంటిని ఇంటి రుచి దెబ్బతీసింది.

భయపడినట్టే అయింది. పారశీకం మీదా, హిందుస్తాన్ మీదా ఆయన రాసుకున్న కట్టల్లో చాలా భాగం దొరకలేదు. కొన్ని ఉత్తరాలు, 1625లో శామ్యూల్ పర్చస్ తన సంకలనంలో వేసిన కొన్ని నోట్సు, టెర్రీ జ్ఞాపకాలు, అంతే మిగిలాయి. సువాలి దగ్గర రాజ్‌గరి పొలిమేరలో గుమ్మటం ఉన్న చిన్న కట్టడాన్ని ఆయన సమాధి అంటారు. ఆదివారం సువాలి బీచికి పిక్నిక్ వెళ్ళే జనం ఆ చుట్టుపక్కల నుంచే పోతారు. హజీరా కార్ఖానాల పొగగొట్టాలు కనుచూపు మేరలో ఉంటాయి. ఓడ్‌కోంబ్ చర్చిలో ఆయన వెనిస్ బూట్లు ఇంకో వందేళ్ళ దాకా వేలాడాయట. సూరత్ దాకా నడిచిన బూట్లు మాత్రం ఊరు చేరలేదు.

కాబట్టి ఈ దీపావళికో, వచ్చే వేసవికో దూరదేశం పోయేవాళ్ళను ఎందుకు వెళ్తున్నారని నిలదీయడంలో అర్థం లేదు. కారణం దాదాపు అందరిదీ కోర్యాట్ కారణమే, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఏనుగెక్కండి, బొమ్మ దిగండి. కానీ దిగాక మావటితో నాలుగు మాటలు మాట్లాడండి, అతని ఊరేదో అడగండి. తిరిగొచ్చాక బొమ్మ రెండు రోజుల్లో పాతబడుతుంది. మావటి చెప్పిన మాట మిగులుతుంది. దేవుడి దయ వల్ల మన నాలుగు గంటల విమానం క్షేమంగా ఇల్లు చేరుస్తుంది. కోర్యాట్‌కు దక్కని అదృష్టం అదొక్కటే.